ఆంధ్రదేశమున యవనశిల్పచ్ఛాయలు

గ్రీకుల శిల్పము రోమక సామ్రాజ్యమున వ్యాపించి, తరువాత క్రీ. శ. 330లో కాన్‌స్టాంటినోపులు రాజధానియైన పిమ్మట, బైజాంటియ మను పేర క్రైస్తవమతానుగుణముగా రూపాంతరము నొందిన దని విద్వాంసు లెఱుంగుదురు. ఈ సంప్రదాయముల జాడలు ఆంధ్రదేశమున నెంతవఱకుఁ గలవను ప్రశ్నమున రెండు దోషములు కలుగుచుండును. సుందరమగు ప్రతి ప్రాచీన శిల్పమును యవనుల పాలు చేయుట యొకటి. పరదేశ సంపర్కమును బొత్తుగా నిరాకరించుట రెండవది. వస్తువులనే సాక్షులుగాఁ గొనినచో నీ రెండును నిలువవు.

మొదటి సాక్షి నాగార్జునకొండ. అచటి విజయపురి క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర యచట త్రవ్వకములు జరిపించెను. రాజప్రాసాదముండిన దని తలఁపఁబడిన స్థలమునఁ గొన్ని స్తంభములు బయల్పడినవి. ఒక స్తంభముమీఁద అర్ధనగ్నుఁడై, గడ్డము గలిగి, కొమ్మురూపమగు పానపాత్రను బట్టిన పురుషుఁడు కానఁబడును. ఇతఁడు యవనుల మద్యాధిదేవతయగు డయోనిససును బోలియున్నాఁడని పండితులు గుర్తించిరి. అచటనే శకుల వేషము ధరించిన భటుని రూపమును గలదు. అయినను శిల స్థానికమైన సున్నపుఱాయి. పనితనము కృష్ణాతీర శిల్పులది. కాఁబట్టి విషయము మాత్రము పరదేశీయము, ఉలి స్వదేశీయము. వీరపురుషదత్తుని 14వ పాలనవర్షపు శాసనమున, సింహళ స్థవిరులచే ధర్మప్రసాదము పొందిన దేశములలో యవనదేశమును బేర్కొనఁబడుట గమనింపఁదగినది. జలాశయ నిర్మాణముచే నాలోయ మునుఁగుటచేత, అచటి శిల్పములు కొండమీఁది ప్రదర్శనశాలకుఁ జేర్పఁబడెను.

రెండవ సాక్షి నాణెములు. తొలి శాతవాహనుల నాణెములపై నేనుఁగు, ఉజ్జయినీచిహ్నము మొదలగునవి ముద్రింపఁబడెను గాని రాజుముఖ మఱుదు. వాసిష్ఠీపుత్ర పులమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగువారి వెండినాణెములపై రాజుముఖము కానవచ్చును. ఈ పద్ధతి పశ్చిమ క్షత్రపుల నుండి వచ్చినది. క్షత్రపులకు నిది యిండో-గ్రీకుల నాణెములనుండి సంక్రమించినది. అయినను ఒకవైపునఁ బ్రాకృతమును, రెండవవైపున దాక్షిణాత్య దేశభాషయు నుండుట శాతవాహనుల సొంతపద్ధతి. రూపము మూఁడుచేతులు మాఱి వచ్చినదైనను, పలికినది ఈ దేశపు పలుకే.

బైజాంటియపు సువర్ణనాణెములును దక్షిణాపథమున దొరకినవి. కర్ణాటకమునందలి అక్కి ఆలూరి నిక్షేపమున రెండవ థియొడోసియసు మొదలగు చక్రవర్తుల నాణెము లుండెను. దక్షిణదేశమున దొరకిన యిట్టి నాణెములు పెక్కింటికి రంధ్రములు గలవు. అనఁగా వాని నిచటివారు కంఠాభరణములుగా ధరించిరి. చక్రవర్తి ముఖము గాని, శిలువ గాని వారికి మతచిహ్నము కాలేదు. బంగారమును వింతయుఁ బ్రధానమయ్యెను.

ఇఁక తిరుపతి సీమకు వత్తము. ఏర్పేటి ప్రాంతమున సువర్ణముఖీ తీరమునందలి గుడిమల్లము పరశురామేశ్వరాలయమున, సుమారు 5 అడుగుల యెత్తుగల శివలింగముమీఁద శివుఁడు మరుగుజ్జుపై నిలిచియున్నాఁడు; ఒకచేత మేషము, రెండవచేతఁ బాత్రము, భుజముమీఁదఁ బరశువు గలవు. గోపీనాథరావుగారు దీనిని విద్వల్లోకమునకుఁ బరిచయము చేసిరి. 1973లో పురావస్తుశాఖవా రచట త్రవ్వకములు జరిపిరి. ఈ విగ్రహపు దృఢమైన దేహమును, నిశ్చలమైన నిలుకడయు ఉత్తరదేశపు యక్షవిగ్రహములతోఁ బోల్పఁదగినవి. యవనశిల్పమునందలి ఒకకాలిపై భారము మోపి నడుము వంచుట యిచట లేదు. ఇంతటి ప్రాచీనత గలిగియు నిది యవనప్రేరితము కాదు. దీని సౌష్ఠవమునకు హేతువును బరదేశమున వెదకనక్కఱలేదు.

ఈ సాక్ష్యములను బట్టి మూఁడు విభాగములు తేలుచున్నవి: వస్తువే వచ్చుట బైజాంటియపు నాణెములయందు, రూపము వచ్చి భాష మాఱుట శాతవాహనుల వెండియందు, విషయము వచ్చి శిల్పి యిచటివాఁడగుట విజయపురి స్తంభమునందు. నాలవదియైన గుడిమల్లము స్వతంత్రముగా నిలుచుచున్నది. ప్రదర్శనశాలలలోఁ బరిచయఫలకములు వ్రాయువారును, బాఠశాలలలో బోధించు పండితులును ‘గ్రీకు’ అను నొక్కమాట వాడుటకు ముందు, వచ్చినది వస్తువో, రూపమో, విషయమో చెప్పినచో, శిల్పమునకును న్యాయము కలుగును, విద్యార్థికిఁ దన దేశపు చరిత్రయు స్పష్టమగును.