టోబా సరస్సు: ఒక మహాగ్నిపర్వతం కథ, కొన్ని అపోహలు

ఉత్తర సుమత్రాలో మేడాన్ నగరానికి దక్షిణాన, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున టోబా సరస్సు ఉన్నది. పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 500 మీటర్లకు మించుతుంది. నడుమ సమోసిర్ ద్వీపం. మలేషియాలోని తెలుగు కుటుంబాలు సెలవులలో పినాంగ్ నుండో కౌలాలంపూర్ నుండో విమానమెక్కి వెళ్ళివచ్చే చోట్లలో ఇదొకటి. చల్లని గాలిని, పైన్ చెట్లను, బతక్ ప్రజల ఇళ్ళపై పడవలాగా వంగిన కప్పులను చూసి ఆనందించి తిరిగివస్తారు. తాము నిలబడినది ఒక అగ్నిపర్వతం నడిబొడ్డున అని చెబితే చాలామందికి నమ్మబుద్ధి కాదు. చుట్టూ నీరే గాని నిప్పులు కక్కే పర్వతమేదీ కనిపించదు మరి!

ఈ సరస్సు పుట్టుకను గురించి బతక్ ప్రజలు ఒక కథ చెప్పుకొంటారు. ఒకనికి దొరికిన చేప అందమైన యువతిగా మారుతుంది. ఆమె పుట్టుక సంగతి ఎన్నడూ ఎత్తనని మాట ఇచ్చి అతడామెను పెండ్లాడుతాడు. వారికొక కుమారుడు కలుగుతాడు. ఒకనాడు కోపం పట్టలేక తండ్రి ఆ బిడ్డను చేపకు పుట్టినవాడా అని తిట్టి మాట తప్పుతాడు. వెంటనే నేల నుండి నీరు ఉబికి లోయనంతటినీ ముంచివేస్తుంది. గంగాశంతనుల కథ వింటూ పెరిగిన మనవారికి ఇది పరాయి కథగా తోచదు. అయితే, ఈ కథ ఆనాటి అగ్నిపర్వత విస్ఫోటనానికి మిగిలిన జ్ఞాపకమని కొందరు చెప్పడం కద్దు. అది పొసగదు. విస్ఫోటనం జరిగి సుమారు 74,000 సంవత్సరాలు గడిచాయి. బతక్ ప్రజల పూర్వీకులు సుమత్రాకు వచ్చినది గత కొన్ని వేల సంవత్సరాలలోనే. కథను కథగా గౌరవించడమే మేలు.

టోబా సరస్సు అగ్నిపర్వత సంబంధమైన కాల్డెరా అని గుర్తించినవాడు డచ్చి భూగర్భ శాస్త్రవేత్త వాన్ బెమ్మెలెన్, 1939లో. కాల్డెరా అనేది స్పానిష్ మాట. వంటకు వాడే పెద్ద గుండిగ అని అర్థం. ఇక్కడొక మహాపర్వతం ఉండేదనీ, దాని శిఖరం ఎగిరిపోగా ఈ గుంట మిగిలిందనీ చాలామంది ఊహిస్తారు. వాస్తవంలో జరిగినది ఎగిరిపోవడం కాదు, కూలిపోవడం. పాత మట్టిమిద్దె కింద స్తంభాలు ఒక్కసారిగా తొలగిస్తే మిద్దె ఎలా కుంగుతుందో, నేలలోపలి శిలాద్రవం బయటికి పోయినప్పుడు పైనున్న భూమి అలా కుంగిపోయింది. కాలక్రమాన ఆ పల్లంలో వాననీరు నిలిచింది. తరువాత లోపల మిగిలిన శిలాద్రవం మళ్ళీ పైకి నెట్టగా సరస్సు అడుగుభాగమే వందల మీటర్లు లేచి సమోసిర్ ద్వీపమైనది. సరస్సు అడుగున పేరుకొన్న మన్ను ఈనాడు ఆ ద్వీపపు మిట్టల మీద కనిపించడమే దీనికి సాక్ష్యం.

అంత శిలాద్రవం అక్కడ చేరడానికి కారణం హిందూ మహాసముద్రపు అడుగున ఉన్న భూఫలకం సుమత్రా కిందికి దూరిపోతూ ఉండటం. ఆ ఫలకంతో పాటు లోతుకు చేరిన నీరు పైనున్న రాతిలోకి ఇంకుతుంది. మంచుగడ్డ మీద ఉప్పు చల్లితే చలిలోనే కరిగినట్లు, నీరు సోకిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఇలా పుట్టి, పైకి వచ్చే క్రమంలో మార్పులు చెందిన టోబా శిలాద్రవంలో సిలికా పాలు నూటికి డెబ్భై వరకు ఉంటుంది. సిలికా ఎక్కువైతే ద్రవం చిక్కబడుతుంది. హవాయి దీవుల లావా లేతపాకం వంటిది. జారిపోతుంది, లోపలి వాయువులు తేలికగా బయటపడతాయి. టోబాది ముదురుపాకం. అందులో కరిగిన నీటి ఆవిరి, ఇతర వాయువులు బయటికి పోలేక చిక్కుకుంటాయి. పైకప్పు పగిలి ఒత్తిడి తగ్గిన క్షణాన, గోలీసోడా గోలీ నొక్కినట్లు, ద్రవమంతా నురగగా మారి పేలుతుంది.

ఇటువంటి మహావిస్ఫోటనాలు ఇక్కడ నాలుగు జరిగినట్లు రాళ్ళు చెబుతున్నాయి. మొదటిది సుమారు 12 లక్షల ఏళ్ళ నాడు, రెండవది 8 లక్షల ఏళ్ళ నాడు, మూడవది 5 లక్షల ఏళ్ళ నాడు, నాలుగవది 74,000 ఏళ్ళ నాడు. ఈ చివరిదే అన్నిటికంటె పెద్దది. అందులో వెలువడిన శిలాద్రవం సుమారు 2,800 ఘన కిలోమీటర్లని ఒక ప్రసిద్ధమైన లెక్క. 1991లో ఫిలిప్పీన్సులోని పినటూబో వెలువరించినది ఐదు ఘన కిలోమీటర్లు మాత్రమే. టోబా చుట్టూ 20,000 చదరపు కిలోమీటర్ల మేర నిప్పుల మేఘాలు నేలను కప్పివేశాయి. ఆ పరిధిలో ఏ ప్రాణీ మిగిలి ఉండదు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

మళ్ళీ ఎప్పుడు పేలుతుందన్నది పర్యాటకులు తప్పక అడిగే ప్రశ్న. గడువు దగ్గరపడిందని భయపెట్టేవారు కొందరున్నారు. పైన చెప్పిన తేదీలనే చూస్తే రెండు పేలుళ్ళ మధ్య వ్యవధి మూడు నుండి నాలుగు లక్షల సంవత్సరాలు. ఆ లెక్కన గడువు చాలా దూరం. నిజానికి ఆ లెక్క కూడా సరికాదు. నాలుగు సంఘటనలను బట్టి పంచాంగం వ్రాయలేము. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరాన 9.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, మూడు నెలలకు నియాస్ దగ్గర 8.6 తీవ్రతతో మరొకటి వచ్చినప్పుడు టోబా మేలుకొంటుందని భయపడ్డారు. ఏమీ జరగలేదు. 2010లో శతాబ్దాల నిద్ర చాలించి పేలిన సినబుంగ్ ఈ సరస్సుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉన్నా, అది వేరొక అగ్నిపర్వతం. టోబా చల్లారిపోయిందని కాదు. పశ్చిమాన పుసుక్ బుహిత్ కొండ దగ్గర వేడినీటి ఊటలున్నాయి, భూకంప తరంగాల పరిశీలనలో లోపలి వేడి జాడలు తెలుస్తున్నాయి. కాని పెద్ద పేలుడుకు ముందు నేల ఉబ్బాలి, చిన్న కంపనాలు పెరగాలి, వాయువులు మారాలి. చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు.

ఇక అన్నిటికంటె పెద్ద అపోహకు వచ్చే ముందు, ఆ విస్ఫోటనపు బూడిదను గురించి కొంత తెలుసుకోవాలి.

బూడిద అనే మాటే కొంత తప్పుదారి పట్టిస్తుంది. కట్టెలు కాలగా మిగిలేది వేరు, ఇది వేరు. శిలాద్రవపు నురగ గాలిలో చిట్లి చల్లబడగా ఏర్పడిన గాజు పెంకులివి. సూక్ష్మదర్శినిలో చూస్తే పగిలిన బుడగల గోడలు కనిపిస్తాయి. ఈ బూడిద పేరాక్ రాష్ట్రంలోని లెంగ్గాంగ్ లోయలో ఉన్నది. బంగాళాఖాతం అడుగున ఉన్నది. టోబాకు సుమారు 2,600 కిలోమీటర్ల దూరాన, బంగినపల్లి మామిడికి పేరిచ్చిన బనగానపల్లె ప్రాంతంలో, యాగంటికి చేరువనున్న జ్వాలాపురంలో కూడా ఉన్నది. జుర్రేరు లోయలోని ఆ ఊరు పూర్వం కర్నూలు జిల్లాలోనిది, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. అక్కడ బూడిద పొర మందం రెండున్నర మీటర్ల వరకు ఉన్నది. ఆకాశం నుండి నేరుగా అంత మందం పడలేదు. పడినది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల మిట్టల నుండి వాననీరు కొట్టుకొనివచ్చి పల్లంలో పేర్చినదే మిగతాది. ఈ తేడా గమనించకుండా దేశమంతా మనిషి మునిగే లోతున బూడిద పడిందనుకోవడం పొరపాటు. ఊరి పేరులోని జ్వాలకు, టోబా జ్వాలకు సంబంధం ఊహించడం అంతకంటె పెద్ద పొరపాటు. అలాగే దక్కను పీఠభూమి లావాతో కూడా దీనిని కలపరాదు. తెలంగాణ పశ్చిమాన నల్లరేగడికి మూలమైన ఆ లావా 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటిది.

ఎక్కడో దొరికిన బూడిద టోబాదేనని ఎలా చెప్పగలరు? వేలిముద్ర వంటి రసాయన కూర్పును బట్టి. గాజు పెంకులలో సిలికా, పొటాషియం, ఇనుము, కాల్షియం ఏ పాళ్ళలో ఉన్నాయో కొలిచి, సుమత్రా నమూనాతో పోల్చుతారు. వయస్సును పొటాషియం చెబుతుంది. అందులోని ఒక రేడియో ధార్మిక రూపం నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది; స్ఫటికంలో ఎంత ఆర్గాన్ చేరిందో కొలిస్తే ఎంతకాలం గడిచిందో తెలుస్తుంది. 2012లో లెంగ్గాంగ్ లోయ నమూనాల నుండి ఇలా వచ్చిన ఫలితం 73,880 సంవత్సరాలు, అటూ ఇటూ 320.

ఇప్పుడు అసలు కథ. టోబా బూడిద, పొగ ఏళ్ళ తరబడి సూర్యుని కప్పివేశాయనీ, భూమి అంతటా చలికాలం ఆవరించిందనీ, మానవజాతి కొన్ని వేల మందికి తగ్గి అంతరించే అంచుకు చేరిందనీ పత్రికలలో, టీవీ చిత్రాలలో తరచు వస్తుంది. ఇది గాలివార్త కాదు. 1992లో రాంపినో, సెల్ఫ్ అనే శాస్త్రవేత్తలు అగ్నిపర్వత శీతకాలం గురించి వ్రాశారు. 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ దానిని మానవ జన్యువులలోని స్వల్ప వైవిధ్యంతో ముడిపెట్టాడు. నాటికది పరీక్షించదగిన మంచి ఊహ. తరువాత పరీక్షలు జరిగాయి. ఆ ఫలితాలు ఊహ అంత వేగంగా ప్రచారం పొందలేదు.

ఇందులో రసాయన శాస్త్రం పాత్ర ముఖ్యమైనది. భూమిని చల్లబరచేది బూడిద కాదు. అది కొద్ది రోజుల్లో, వారాలలో రాలిపోతుంది. చల్లబరచేది గంధకం. గంధక డయాక్సైడు పై వాతావరణానికి చేరి, గంధకికామ్లపు సూక్ష్మ బిందువులుగా మారి, ఎండను వెనుకకు తిప్పుతుంది. పినటూబో పంపిన కోటిన్నర నుండి రెండు కోట్ల టన్నుల గంధక డయాక్సైడు వలన ప్రపంచ ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. టోబా పినటూబో కంటె ఐదువందల రెట్లు పెద్దది గనుక చలి కూడా ఆ స్థాయిలో ఉండాలన్నదే తొలి అంచనాల వెనుకనున్న తర్కం. కాని శిలాద్రవం ఎంత, గంధకం ఎంత అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పంపిన గంధక డయాక్సైడు సుమారు పది లక్షల టన్నులు. దానికంటె అంత పెద్దదేమీ కాని మెక్సికోలోని ఎల్ చిచోన్ 1982లో పంపినది సుమారు డెబ్భై లక్షల టన్నులు. సిలికా మెండుగా ఉండి, వేడి తక్కువైన శిలాద్రవంలో గంధకం బాగా కరగదు. టోబా స్ఫటికాలలో చిక్కుకొన్న శిలాద్రవ బిందువులను పరీక్షించగా గంధకం స్వల్పంగానే కనిపించింది. అయితే లోపల వాయురూపంలో విడిగా ఎంత పోగుపడి ఉండెనో ఆ బిందువులు చెప్పలేవు. అందువలననే టోబా గంధకపు అంచనాల మధ్య వంద రెట్ల వరకు తేడా ఉన్నది. ఇంకొక సంగతి: గంధకం మరీ ఎక్కువైతే ఆమ్ల బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై త్వరగా రాలిపోతాయి. అంటే పది రెట్లు గంధకం పది రెట్ల చలిని ఇవ్వదు. ఎంత ఉన్నా కొద్ది సంవత్సరాలలో వాతావరణం తేటపడుతుంది. వేల ఏళ్ళ చలికి టోబాను కారణంగా చూపడం కష్టం.

నేలలోని సాక్ష్యమూ ఇటే మొగ్గుతున్నది. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, వారి సహచరులు జ్వాలాపురం తవ్వకాల ఫలితాలను ప్రకటించారు. బూడిద పొరకు కింద రాతి పనిముట్లున్నాయి. పొరకు పైన కూడా ఉన్నాయి. వాటిని చెక్కిన తీరు ఒకే సంప్రదాయానికి చెందినది. బూడిద కురిసిన తరువాత ఆ లోయలో మనుషులు మళ్ళీ అదే పని చేసుకొన్నారన్నమాట. 2020లో మధ్యప్రదేశ్‌లోని సోన్ నది ఒడ్డున ధాబా అనే చోట కూడా ఇటువంటి కొనసాగింపే కనిపించింది. ఏడు వేల కిలోమీటర్ల దూరాన ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగుమట్టిలో టోబా గాజు పెంకులు దొరికాయి. వాటి పైనా కిందా ఉన్న మన్నులో పెద్ద చలి జాడ లేదని 2013లో తేలింది. దక్షిణాఫ్రికా తీరంలోని పినకిల్ పాయింట్ వద్ద మనుషులు ఆ కాలమంతా నిలిచే ఉన్నారని 2018లో వెల్లడైంది. సుమత్రాలోనే ఒరాంగుటాన్లు నేటికీ ఉన్నాయి. మానవ జన్యువైవిధ్యం తక్కువగా ఉండటానికి ఆఫ్రికా నుండి చిన్న చిన్న గుంపులు విడిపోతూ ప్రపంచమంతటా వ్యాపించడమే చాలినంత కారణం.

ప్రతిపక్షపు సాక్ష్యాన్ని దాచడం న్యాయం కాదు. బంగాళాఖాతపు అడుగుమట్టిలోని పుప్పొడి, మధ్య భారతపు నేలల పరిశీలనను బట్టి టోబా తరువాత అడవులు తగ్గి గడ్డినేలలు పెరిగాయని 2009లో ఒక బృందం చెప్పింది. జ్వాలాపురంలో పనిముట్లే గాని వాటిని చేసినవారి ఎముకలు దొరకలేదు. వారు మన జాతివారా, అంతకు పూర్వపు మానవులా అన్న వివాదం తెగలేదు. బూడిద నిండిన నీటితో, ఎండిన గడ్డితో ఆ లోయవాసులు ఎన్నేళ్ళు బాధపడ్డారో పనిముట్లు చెప్పవు. వారు సుఖంగా ఉన్నారని ఎవరూ అనడం లేదు; అంతరించలేదని మాత్రమే అంటున్నారు.

ఆ సాక్ష్యం దాగి ఉన్న పొరకు బజారులో ధర కూడా ఉన్నది. మన పల్లెలలో అంట్లు తోమే పొయ్యి బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. ఆ క్షారం జిడ్డును సబ్బులాగా మార్చి వదిలిస్తుంది. జ్వాలాపురం బూడిదలో ఆ గుణం లేదు, గరుకుదనమే దాని బలం. గాజు పొడి గనుక గీరి శుభ్రం చేస్తుంది. అందుకే ఆ తెల్లని పొరను తవ్వి శుభ్రపరచే పొడుల తయారీకి అమ్ముతూ వచ్చారు. ఆ గోతుల గోడలలోనే పొరల వరుస బయటపడి పరిశోధకులకు దారి చూపింది. తవ్వి తీసుకుపోయిన చోట మాత్రం పైపొర ఏదో కిందిపొర ఏదో ఇక ఎవరూ చదవలేరు.