తుమ్ములన్నీ జలుబు కావు

నిరుడు మన ఉచిత వైద్య శిబిరానికి ఒక పెద్దాయన వచ్చారు. తన బాధ చెప్పుకోవడానికే మొహమాటపడ్డారు. “డాక్టర్ సాబ్, ఇంట్లో నమాజు చదివితే ఏమీ ఉండదు. మసీదులో సజ్దా చేసి లేచేసరికి తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పది, పదిహేను. పక్కవాళ్లకు ఇబ్బందని చివరి వరసలో నిలబడుతున్నాను. ఇంట్లోవాళ్లేమో నజర్ తగిలిందంటున్నారు” అన్నారు. అప్పటికే రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడారు. సైనస్ ఎక్స్‌రే తీయించుకున్నారు. రక్తపరీక్షలూ అయ్యాయి. ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న ఒకటే: మసీదులో ఈమధ్య ఏం మారింది? రెండేళ్ల కిందట చాపలు తీసేసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మందపాటి కార్పెట్ పరిచారట.

ఆయనకున్నది జలుబు కాదు, ముక్కు అలర్జీ. వైద్యులు అలర్జిక్ రైనైటిస్ అంటారు. ఇంగ్లీషువాళ్ల పాత పేరు హే ఫీవర్, అంటే ఎండుగడ్డి జ్వరం. పేరులో ఉన్న రెండు మాటలూ తప్పే. ఇందులో జ్వరం రాదు, ఎండుగడ్డే కారణం కావాలనీ లేదు. ఇంగ్లండులో గడ్డి కోసే రోజుల్లో ఎక్కువమందికి వచ్చేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.

ఈ బాధ గురించి రాసినవారిలో చాలా ముందువారు మన అర్-రాజీ. సుమారు పదకొండు వందల ఏళ్ల కిందట, తన కాలపు పండితుడు అబూ జైద్ అల్-బల్ఖీకి వసంతంలో గులాబీల వాసన తగిలితే ముక్కు ఎందుకు కారుతుందన్న విషయం మీద ఆయన ఒక చిన్న గ్రంథమే రాశారు. తర్వాత 1819లో జాన్ బోస్టాక్ అనే లండన్ వైద్యుడు, చిన్ననాటి నుంచి తనను వేధిస్తున్న ఈ జబ్బును తన మీదే గమనించి వర్ణించాడు. వేసవి ఎండే కారణమని ఆయన అనుకున్నాడు. అసలు దోషి పుప్పొడి అని గట్టిగా నిరూపించినవాడు మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయనా రోగే. గడ్డి పుప్పొడిని ముక్కులో వేసుకుని, చర్మం గీరి రాసుకుని చూసుకున్నాడు. పుప్పొడి ఎంత ఎత్తుకు ఎగురుతుందో తెలుసుకోవడానికి జిగురు రాసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేశాడు. 1873లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు.

ఇప్పుడు జరిగేదేమిటో చూద్దాం. మన శరీరంలో సూక్ష్మజీవులతో పోరాడే కాపలా వ్యవస్థ ఒకటుంది. కొందరిలో అది పొరబడుతుంది. ఏ హానీ చేయని పుప్పొడినో, దుమ్మునో శత్రువనుకుంటుంది. దాని కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసి, ముక్కు పొరలోని మాస్ట్ కణాల మీద నిలబెడుతుంది. మొదటిసారి మనకేమీ తెలియదు. ఈ తయారీ ఒక్కోసారి ఏళ్ల తరబడి లోలోపల సాగుతుంది. “ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది?” అని చాలామంది అడిగేది అందుకే. కాపలా సిద్ధమయ్యాక అదే పుప్పొడి మళ్లీ లోపలికి వెళ్తే, నిమిషాల్లో ఆ కణాలు పగిలి హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్లే తుమ్ములు, నీళ్లు, దురద. కొన్ని గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. అప్పుడు తుమ్ములు తగ్గి ముక్కు దిబ్బడ వేస్తుంది. పగలు దుమ్ములో పనిచేసినవాడు రాత్రి నోరు తెరిచి నిద్రపోవడం ఇందువల్లనే. తల్లిదండ్రుల్లో ఒకరికి అలర్జీ గాని ఉబ్బసం గాని ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకునేది మాత్రం కాదు.

జలుబుకూ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. జలుబు వారం, పది రోజుల్లో పోతుంది. ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, కొంచెం జ్వరం ఉండొచ్చు. చీమిడి చిక్కబడుతుంది. అలర్జీలో నీళ్లలాంటి చీమిడి కారుతూనే ఉంటుంది, జ్వరం ఉండదు, వారాలు గడిచినా వదలదు. అన్నిటికన్నా పెద్ద గుర్తు దురద. ముక్కు, కళ్లు, అంగిలి, చెవుల లోపల కూడా దురద పెడుతుంది. పిల్లలు చెప్పలేరు గాని చేసి చూపిస్తారు. అరచేత్తో ముక్కు కొసను కింది నుంచి పైకి నెట్టి రుద్దుకుంటారు. వైద్య పుస్తకాల్లో దీన్ని అలర్జీ సలాం అంటారు, నవ్వు కోసం చెబుతున్నది కాదు. అలా ఏళ్ల తరబడి రుద్దితే ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. కళ్ల కింద నల్లని వలయాలు వస్తాయి. మదరసాలో, బడిలో ఆ పిల్లవాడు మధ్యాహ్నానికే తూగుతుంటే బద్ధకమని కొట్టకండి. రాత్రంతా ఊపిరాడక సరిగా నిద్రపోలేదని అర్థం.

మన ప్రాంతంలో దీన్ని రేపేవేమిటి? చాలామంది పూలను అనుమానిస్తారు. నిజానికి మల్లె, గులాబీ లాంటి వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. దాన్ని మోసేది తేనెటీగలు. ఘాటైన వాసన ముక్కును చిరాకు పెట్టొచ్చు గాని ఆ పుప్పొడి గాలిలో పెద్దగా తిరగదు. ఎవరూ తలెత్తి చూడని గడ్డి పూలతో, కలుపు మొక్కలతో, కొన్ని చెట్లతోనే చిక్కంతా. వాటి పుప్పొడి సన్నగా, పొడిగా ఉండి గాలికి దూరాలు పోతుంది. పచ్చికలు, తోటకూర జాతి కలుపు మొక్కలు, ఆముదం, సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఇందులో ముఖ్యమైనవి.

వయ్యారిభామ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పార్థీనియం అన్నా, కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. అమెరికా ఖండపు మొక్క. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. మన ఊళ్లలో అది గుబురుగా పెరిగే చోట్లలో ఖబ్రస్తాన్ ఒకటి. షబే బరాత్ ముందు కుర్రాళ్లు ఉత్సాహంగా వెళ్లి పీకుతారు. సాయంత్రానికి సగం మందికి కళ్లు ఎర్రబడి, చేతులు దద్దుర్లెక్కి, తుమ్ములు పట్టుకుంటాయి. షబే బరాత్ చంద్రుణ్ని బట్టి వస్తుంది, వయ్యారిభామ వానను బట్టి పూస్తుంది. రెండూ కలవవు. కాబట్టి పండుగ కోసం ఆగకుండా, తొలకరి తర్వాత మొక్క లేతగా ఉన్నప్పుడు, పూత రాకముందే, నేల తడిగా ఉండగా వేళ్లతో సహా పీకించాలి. తెల్లపూత వచ్చాక కదిపితే పుప్పొడి మన ముఖాన చల్లుకున్నట్టే. పీకేవాళ్లకు చేతి తొడుగులు, మాస్కు, పూర్తి చేతుల చొక్కా ఉండాలి. అలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ పనికి పంపొద్దు.

ఇంట్లో ఉండే కారణాలు ఏడాది పొడవునా బాధిస్తాయి. వాటిలో మొదటిది దుమ్ములో ఉండే మైట్ అనే జీవి. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి కనబడదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని మలమే మనకు పడదు. చెమ్మ అంటే దానికి ప్రాణం, అందుకే కోస్తా ఊళ్లలో, వానాకాలంలో ఎక్కువ. పాత దూది పరుపులు, దిండ్లు, రజాయిలు, కర్టెన్లు, కార్పెట్లు దాని ఇళ్లు. దూది ఏకే పని మనలో ఎన్నో కుటుంబాలకు తరతరాల వృత్తి. పాత పరుపు విప్పిన రోజు ఇంట్లో ఎవరెవరు తుమ్ముతారో ఆ ఇళ్ల ఆడవాళ్లకు బాగా తెలుసు. ఇవిగాక గోడల బూజు, బొద్దింకలు, పిల్లుల ఒంటి పొట్టు కూడా కొందరికి పడవు.

పెద్దాయన సజ్దా రహస్యం ఇక్కడే ఉంది. సజ్దాలో నుదురుతో పాటు ముక్కు కూడా నేలకు తాకుతుంది. అక్కడ రోజుకు ఐదు పూటలు వందల మంది పాదాలు తొక్కిన కార్పెట్. ఉతకడానికి వీలు లేదు, ఎండలో వేయడానికి అసలే లేదు. వజూ చేసిన తడికాళ్ల చెమ్మ కూడా దానికే. ఆయనకు మందుతో పాటు నేను చెప్పింది చిన్న పని. పల్చని నూలు జానమాజ్ ఒకటి వెంట తీసుకెళ్లి పరుచుకోమన్నాను, వారానికోసారి వేడినీళ్లలో ఉతికించమన్నాను. మసీదు కమిటీల వారికి కూడా నా విన్నపం: కార్పెట్ వేయాలనుకుంటే వాక్యూమ్ క్లీనర్ కూడా కొనండి, చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది. వజూఖానా నుంచి లోపలికి వచ్చే దారిలో కాళ్లు తుడుచుకునే పట్టా వేయండి. నన్నడిగితే ఉతికే వీలున్న చాపలూ షత్రంజీలే మేలు. అందం సంగతి నాకు తెలియదు.

జుమేరాత్ సాయంత్రం ఇంట్లో వేసే ఊదు, సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, వంటింటి తిరగమోత, సిగరెట్ పొగ అలర్జీ పుట్టించవు గాని, ఉన్న అలర్జీని రెచ్చగొడతాయి. మానలేకపోతే కిటికీలు తెరిచి, రోగి లేని గదిలో కొద్దిగా వేయండి. దిండ్లకు, పరుపుకు దట్టమైన తొడుగులు వేసి, దుప్పట్లను వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకాలి. తడిగుడ్డతో తుడవడం ఊడవడం కన్నా మంచిది. పుప్పొడి కాలంలో ఆరుబయట ఆరేసిన బట్టలకు పుప్పొడి అంటుకునే వస్తుంది. అది పడనివాళ్ల దుప్పట్లు ఇంట్లోనే ఆరేసుకోవాలి.

మందుల విషయంలో జరిగే పొరపాట్లే ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నాయి. యాంటీబయాటిక్ అలర్జీకి పనిచేయదు. దిబ్బడ విడగొట్టే చుక్కల మందులు, అంటే జైలోమెటాజోలిన్ లాంటివి, క్షణంలో హాయినిస్తాయి. కానీ ఐదారు రోజులకు మించి వాడితే మందు లేకుండా ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. కొందరు సీజనుకు ఒక ఇంజెక్షన్ అని వేయించుకునేది నిలవ ఉండే స్టెరాయిడ్. షుగరు, ఎముకల బలం, శరీరం సొంతంగా చేసుకునే హార్మోన్లు, అన్నీ దానివల్ల దెబ్బతినొచ్చు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఇలాంటిది కాదు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి ఈ స్ప్రేలు చాలా తక్కువ మోతాదులో ముక్కు పొర మీదే పనిచేస్తాయి. మధ్యస్థం నుంచి తీవ్రమైన బాధకు ఇవే ముఖ్యమైన మందు. ఒక్కరోజులో గుణం కనబడలేదని పారేయకండి, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకు తగలకుండా బయటి వైపుకు కొట్టుకోవాలి. గట్టిగా పీల్చకూడదు.

తుమ్ములకూ దురదకూ మాత్రలు బాగా పనిచేస్తాయి. పాతకాలపు ఎవిల్, సీపీఎం మాత్రలు మత్తునిస్తాయి. ఆటో, లారీ నడిపేవాళ్లు, వెల్డింగ్ పనివాళ్లు వాటి జోలికి పోవద్దు. సెట్రిజిన్ కూడా కొందరికి మత్తే. ఫెక్సోఫెనాడిన్, లొరాటిడిన్ ఈ విషయంలో నయం. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు ఇప్పుడు విరివిగా రాస్తున్నారు. మనసు మీద, నిద్ర మీద దాని ప్రభావం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక చేసింది. పిల్లలకు వాడుతుంటే వాళ్ల తీరు మారిందేమో గమనించి డాక్టరుకు చెప్పండి.

రంజాన్ నెలలో మందులు మానేసేవాళ్లు చాలామంది. ఆ అవసరం లేదు. ఈ మాత్రలు రోజుకు ఒకటి చాలు, ఇఫ్తార్ తర్వాతో సహరీలోనో వేసుకోవచ్చు. ఫెక్సోఫెనాడిన్ మాత్రం పళ్లరసంతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. ఇఫ్తార్ షర్బత్ గ్లాసుతో కాక మంచినీళ్లతో వేసుకోండి. ముక్కు స్ప్రే రోజాను భంగపరుస్తుందా అన్న దానిపై అభిప్రాయభేదం ఉంది. గొంతులోకి దిగినది మింగకపోతే భంగం కాదని 1997లో జిద్దాలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. మన దేశపు హనఫీ ఉలమాలో చాలామంది అందుకు ఒప్పుకోరు. ఫత్వా చెప్పడం నా పని కాదు, మీ ఆలింను అడగండి. వైద్యుడిగా చెప్పగలిగింది ఒకటుంది: ఈ స్ప్రే పగలు కొట్టుకున్నా రాత్రి కొట్టుకున్నా పనిచేసే తీరు ఒకటే. ఇఫ్తార్ తర్వాత వాడుకుంటే ఆ సందేహమే ఉండదు. ఉబ్బసం ఇన్‌హేలర్ సంగతి వేరు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు సాయంత్రం దాకా ఆగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వజూలో ముక్కులోకి నీళ్లెక్కించి శుభ్రం చేసుకునే అలవాటు మనకు ఎలాగూ ఉంది. పుప్పొడిని, దుమ్మును కడిగేయడంలో అది కొంత సాయపడుతుంది. ఇంకా లోతుగా ఉప్పునీళ్లతో కడుక్కోవాలంటే మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి, ట్యాంకు నీళ్లు పనికిరావు. రోజాలో ఉన్నప్పుడు లోతుగా ఎక్కించకూడదన్నది మీకు తెలిసిందే.

ముక్కు అలర్జీని చిన్నదిగా చూడొద్దనడానికి అసలు కారణం ఊపిరితిత్తులు. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారికి రెండు కొసలు. ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. ముక్కును పట్టించుకోకపోతే ఉబ్బసం అదుపులోకి రావడం కష్టం. తుమ్ములతో పాటు రాత్రి దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఒకే ముక్కు నుంచి రక్తం గాని చెడు వాసన గాని వస్తుంటే అది అలర్జీ కాకపోవచ్చు, ముక్కు వైద్యుడు లోపల చూడాలి.

శిబిరానికి వచ్చేముందు ఒక రెండు వారాలు చిన్న కాగితం మీద రాసుకోండి: తుమ్ములు ఏ వేళ, ఏ చోట, ఏం చేస్తుండగా వచ్చాయి, ఇల్లు వదిలి ఊరెళ్తే తగ్గాయా అని. ఖరీదైన అలర్జీ పరీక్షలకన్నా ముందు ఆ కాగితమే మాకు పనికొస్తుంది. దానితోపాటు ఇదివరకు వాడిన మాత్రల అట్టలు, పాత చీటీలు పారేయకుండా తీసుకురండి.