అర్జునరావు పేరు ఎందుకు వినబడదు?

పామర్రు శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. పోలింగ్ బూత్ దగ్గర వచ్చిన ఈ మార్పు ఇంటి గుమ్మం దాకా ఎంత వచ్చిందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను ఎనభై ఏళ్ల క్రితమే ఈ డెల్టాలో ఒక కుటుంబం తనకు తాను వేసుకుంది. పామర్రుకు ఎంతో దూరం లేని ముదునూరులో, ఉయ్యూరు పక్కన, గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు, ఆయన సహచరి సరస్వతి 1940లో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించారు.

గోరా వృక్షశాస్త్ర అధ్యాపకుడు. అప్పటికే రెండు కొలువులు పోయాయి: 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో, 1939లో మచిలీపట్నం హిందూ కళాశాలలో. రెండు చోట్లా కారణం ఒకటే, ఆయన నాస్తికత్వం. పుట్టుకతో బ్రాహ్మణుడు, జందెం తీసేసినందుకు అయినవాళ్లూ దూరమయ్యారు. అలాంటి మనిషి పల్లెకు వచ్చి వయోజనులకు చదువు చెబుతూ, పౌర్ణమినాడు అన్ని కులాలవారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించాడు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగి గోరా ధైర్యాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ పంక్తిలో మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చి కూర్చున్నవారి సంగతి? గోరాకు ఉద్యోగం పోయినా చదువు మిగిలింది. పాలేరుకు, కూలికి ఆసామి ఆగ్రహిస్తే మర్నాటి గింజలే ఉండవు. సంస్కర్తకు పోయేది పరువు, కూలికి పోయేది కూడు. మన సంఘసంస్కరణ చరిత్ర మొదటిదాన్ని త్యాగమని రాసుకుంది, రెండోదానికి పేరు కూడా పెట్టలేదు.

సహపంక్తి భోజనంతో కులం పోదని, కులాంతర వివాహమే అసలు మందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. ఒక పూట కలిసి తిన్నవాడు చేయి కడుక్కుని తన వాడకు తాను పోవచ్చు. వియ్యమందితే అలా పోవడం కుదరదు. ముదునూరు కుటుంబం ఆ రెండో గడపా దాటింది. గోరా పెద్ద కుమార్తె మనోరమకు అస్పృశ్యులని ముద్రపడిన కులానికి చెందిన అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైంది.

గాంధీకి, గోరాకు దేవుడి విషయంలో పొత్తు కుదరలేదు; అంటరానితనం విషయంలో కుదిరింది. ఒకప్పుడు వర్ణాంతర వివాహాలపై తటపటాయించిన గాంధీ, 1940ల నడుమకు వచ్చేసరికి వధూవరుల్లో ఒకరు దళితులైతే తప్ప పెళ్లికి ఆశీస్సులివ్వనన్న చోటికి చేరారు. మనోరమ పెళ్లిని సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నారు. నాస్తికుల పెళ్లిలో దేవుడి మీద ప్రమాణమెలా? ఆ మాట తీసి ‘సత్యం’ అన్న మాట పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. జీవితమంతా రాముణ్ణి తలచిన మనిషి ఇద్దరు యువజనుల కోసం ప్రమాణపాఠం మార్చడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. కానీ ఆ పెళ్లి చూడటానికి ఆయన మిగల్లేదు. 1948 జనవరి 30న హత్య జరిగింది. మార్చి 13న, అనుకున్నచోటే, సేవాగ్రామ్‌లోనే, నెహ్రూ సమక్షంలో మనోరమ, అర్జునరావుల వివాహం జరిగింది.

ఈ ఘట్టాన్ని ‘గాంధీ–గోరా’ అన్న శీర్షిక కింద చదువుకోవడం మనకు అలవాటైంది. ఒక మహాత్ముడు, ఒక నాస్తికుడు, మధ్యలో తత్వచర్చ. గోరా ఇంగ్లీషులో రాసిన పుస్తకం పేరులో ఉన్నది కూడా ఆ ఇద్దరే. ఆ పెళ్లిని తర్వాత ప్రతిరోజూ బతికినవాళ్లు మాత్రం మనోరమ, అర్జునరావు. అగ్రవర్ణ కుటుంబంలోకి అల్లుడిగా అడుగుపెట్టిన దళిత యువకుడి నిబ్బరాన్ని మనం ‘ఉదారతను అందుకోవడం’గా చూస్తున్నంతకాలం చరిత్రలో ఆయనకు వరుడి వేషమే తప్ప కర్త స్థానం రాదు.

ఆ నిబ్బరానికి కట్టవలసిన వెల ఎంతో 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడ చూపింది. దళిత యువకుడు ప్రణయ్‌ను, గర్భవతి అయిన భార్య అమృత కళ్లెదుటే, ఆసుపత్రి వాకిట నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు తేల్చారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. సేవాగ్రామ్ పెళ్లికీ ఈ హత్యకూ నడుమ డెబ్బై ఏళ్లు. ఒక తండ్రి కూతురి పెళ్లికి తోడు నిలిచాడు, మరో తండ్రి కత్తి కిరాయికి మాట్లాడాడు. రాజ్యాంగం వచ్చింది ఈ మధ్యలోనే.

గోరా ఇంట అది ఒక్క పెళ్లితో ఆగలేదు. 1960లో కుమారుడు లవణం, ‘గబ్బిలం’ కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. ఊరి బయట నిలబెట్టిన కులం బాధను పద్యంలో పెట్టిన కవి, ఆ ఇంటికి వియ్యంకుడిగా వచ్చారు. ఇవాళ మన దినపత్రికల ఆదివారం పెళ్లి ప్రకటనలు, ఇంగ్లీషు చదువులూ అమెరికా కొలువులూ చూపించే ఆ ప్రకటనలు, ఇప్పటికీ కులాలవారీగా గళ్లు కట్టుకునే అచ్చవుతున్నాయి.