పండుగ యింటి ప్రహసనం

నవ్వించడం ముఖ్యోద్దేశంగా వ్రాసిన రూపకాన్ని మన పూర్వులు ప్రహసనమన్నారు. దశరూపకాలలో దానికొక స్థానమిచ్చారు. వింత వేషం, వికారపు మాట, తడబడే నడక — ప్రహసనానికి ఇవే సాధనాలని సామాన్యంగా అనుకుంటాము. ఇవేవీ లేకుండా ఒక ఇల్లు, నాలుగు గదులు, పదిమంది బంధువులు, ఒక పండుగ ఉంటే చాలునని కొందరు నాటకకర్తలు నిరూపించారు. అందుకు పాశ్చాత్యులకు మిక్కిలి కలిసివచ్చిన పండుగ క్రిస్మస్.

ఆంగ్ల నాటకకర్త ఆలన్ ఐక్‌బోర్న్ ఈ విద్యలో ఆరితేరినవాడు. 1972లో ప్రదర్శితమైన ఆయన నాటకం 'ఆబ్సర్డ్ పర్సన్ సింగ్యులర్' మూడు సంవత్సరాల క్రిస్మస్ సాయంకాలాలలో, మూడు ఇండ్ల వంటగదులలో నడుస్తుంది. 1980లో స్కార్‌బరో పట్టణంలో మొదట ఆడిన 'సీజన్స్ గ్రీటింగ్స్'లో బంధువులంతా ఒకే ఇంట చేరుతారు. వారిలో ఒక వైద్యుడు పిల్లలకోసం ఏటేటా బొమ్మలాట సిద్ధం చేస్తాడు. ఆ ఆట పేరు చెబితే పెద్దలకు గుండె జారుతుంది. ఒకప్పుడు కాపలా ఉద్యోగం చేసిన పెద్దాయన లోకమంతా దొంగలేనని నమ్మి ఆయుధం దగ్గర ఉంచుకుంటాడు. ఇల్లాలికీ, ఆమె తోబుట్టువు పిలిచిన అతిథికీ మధ్య రహస్యపు చనువు ఏర్పడుతుంది. చివరకు పెద్దాయన ఆ అతిథిని దొంగ అనుకొని కాలుస్తాడు. వైద్యుడు పరీక్షించి ప్రాణం పోయిందంటాడు. పోయిన మనిషి మూలుగుతాడు!

ఇంతమంది ఇన్ని అవస్థలు పడడానికి క్రిస్మసే ఎందుకు? కారణాలు మూడు చెప్పవచ్చును. పండుగ తేదీ ముందే నిశ్చయమై వున్నది. రానని తప్పించుకోవడం కష్టం. వచ్చినవారు మధ్యలో లేచి వెళ్ళిపోవడం అమర్యాద. అన్నింటికీ మించి, ఆనాడు అందరూ సంతోషంగా కనిపించి తీరాలి. పైకి నవ్వు, లోపల ఉడుకు. ఈ రెంటి మధ్య దూరం పెరిగినకొద్దీ ప్రేక్షకుడికి హాస్యం పండుతుంది.

నాలుగవ కారణమూ ఒకటి వున్నది. అది పండుగ కథలోనే వున్నది. జనాభా లెక్కలకోసం ఎవరి పూర్వుల ఊరికి వారు పోవాలని రాజాజ్ఞ అయితే, నిండు చూలాలిని వెంటబెట్టుకొని యోసేపు బేత్లెహేముకు ప్రయాణమైనాడు. తీరా వెళ్ళేసరికి సత్రంలో చోటు దొరకలేదు. సొంత ఊరికి తిరిగిరావడం, వచ్చినచోట ఇరుకు కావడం — క్రిస్మస్ కథకు ఆరంభమిదే. క్రిస్మస్ ప్రహసనానికీ ఇదే.

ఇదంతా సీమలవారి సంగతి, మనకెందుకని శ్రోతలు అనుకోనక్కరలేదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టనే తీసుకుందాము. 1840లో నెల్లూరులో నెలకొన్న అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1880ల దశకంలో ఉదయగిరికి, 1890ల దశకంలో ఆత్మకూరుకు విస్తరించింది. కనుక ఈ ప్రాంతంలో క్రిస్మస్ నిన్న మొన్న వచ్చిన పండుగ కాదు. సోమశిల నీరు అందిన చోట వరి పండుతుంది. అందని మెట్టలో వానను నమ్ముకోవాలి. అందుచేత బ్రతుకుతెరువుకోసం నెల్లూరికి, చెన్నైకి, బెంగళూరికి, గల్ఫు దేశాలకు వెళ్ళినవారు ఎందరో వున్నారు. వారు ఊరికి చేరేది పండుగకే. అరిసెలు, కొత్త బట్టలు, వాకిట వెలిగే నక్షత్రం ఎంత నిజమో, పొలం వాటా, చెల్లెలి పెండ్లి బాకీ, అమ్మను ఎవరు చూడాలన్న ప్రశ్న అంత నిజం. ఆ మాటలు మాట్లాడుకోవడానికి ఏడాదిలో దొరికేవి ఆ మూడు రోజులే.

ఆత్మకూరు దగ్గర పల్లెలో ఇటువంటి ఇల్లొకటి ఊహించి రేడియో నాటకం వ్రాయాలంటే మేము ఇట్లా వ్రాస్తాము. ఊళ్ళో సేద్యం చేసే పెద్దకొడుకు, బెంగళూరు నుండి వచ్చిన చిన్నకొడుకు, గల్ఫు నుండి వచ్చిన అల్లుడు, ముగ్గురి కుటుంబాలూ చేరినవి. "అమ్మ మా దగ్గరే ఉండాలి" అని ముగ్గురూ పోటీపడి అంటారు. ఏ నెలనుండి అన్నది ఎవరూ చెప్పరు. వాదం ముదిరి, "నాయన బ్రతికివుంటే..." అని పెద్దకొడుకు గొంతెత్తే సమయానికి పాటల బృందం వాకిట్లోకి వస్తుంది. అందరూ గొంతు కలిపి భక్తితో పాడుతారు. బృందం వీధి మలుపు తిరగగానే, "ఈ మాట అననిచ్చేవాడేనా?" అని చిన్నకొడుకు ఆగినచోటనే అందుకుంటాడు.

రేడియోలో మంచం కనపడదు, వినపడుతుంది. అల్లుడు రాగానే అమ్మ నులకమంచం నడింటిలోనుండి వసారాకు ఈడ్చిన చప్పుడు. మనవలకు చోటు చాలక వసారానుండి వంటింటి ప్రక్కకు ఈడ్చిన చప్పుడు. మొదటిసారి శ్రోత నవ్వుతాడు. రెండవసారి కూడా నవ్వవచ్చును. అర్ధరాత్రి మూడవసారి ఆ చప్పుడు విన్నప్పుడు, ఈసారి మంచాన్ని ఈడ్చుకొంటున్నది అమ్మేనని తెలిసినప్పుడు, అతడు నవ్వలేడు.

ఇటువంటి రచనలో భక్తిని గాని, పేదరికాన్ని గాని ఎగతాళి చేయనక్కరలేదు. నవ్వవలసినది మనిషి చెప్పే మాటకూ చేసే పనికీ మధ్యనున్న దూరాన్ని చూసి. సంక్రాంతికి నిండే ఇంటిలోనూ, రంజానుకు నిండే ఇంటిలోనూ ఆ దూరం వున్నది. నాటకం విని నవ్వుకున్నవారిలో ఒక్కరైనా వచ్చే పండుగకు మంచం ఎక్కడ వేశారని అడిగితే ప్రహసనం తన పని చేసినట్లే.