సైనికుల పిల్లలకు స్థానికత నిబంధన – వివరణ

హైదరాబాద్: ఆబిడ్స్ పాఠశాలలో పదో తరగతి వరకు చదివి, తండ్రి బదిలీ కారణంగా జోధ్‌పూర్‌లో పన్నెండో తరగతి పూర్తిచేసిన సైనికుని బిడ్డ తెలంగాణలో స్థానికుడవుతాడా? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులలోని ప్రధాన నిబంధన, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు స్థానికంగా చదివి ఉండాలన్నది. బదిలీలపై తిరిగే కుటుంబాలకు ఇది దుస్సాధ్యమే.

వైద్య, దంతవైద్య ప్రవేశాలకు 2024లో జి.ఓ. 33 ద్వారా తెలంగాణ ప్రభుత్వం విధించిన నాలుగేళ్ల షరతును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. అయితే, సర్వీసులో చేరినపుడు తెలంగాణను స్వస్థలంగా ప్రకటించిన సైనికుల, మాజీ సైనికుల పిల్లలు ఆ కాలంలో రాష్ట్రం వెలుపల చదివినప్పటికీ, ప్రభుత్వం ప్రతిపాదించిన మినహాయింపు వారికి వర్తిస్తుంది. కనుక నాంపల్లి విద్యాభవన్ జారీచేసే ఇంటర్ మార్కుల పత్రం లేకపోయినా ఫరవాలేదు. తండ్రి సర్వీసు రికార్డులో స్వస్థలం నమోదు మాత్రం కీలకం. ఇతర కోర్సులకు ఈ మినహాయింపును అన్వయించరాదు.

ఆర్థిక సహాయం వేరు విషయం. ఫీజు సహాయానికి 1956 నాటి నివాసాన్ని ప్రాతిపదిక చేసిన ఫాస్ట్ పథకం 2014లో వచ్చి, మరుసటి ఏడాదే రద్దయింది. కేంద్రీయ సైనిక్ బోర్డు అమలుచేసే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో రాష్ట్ర స్థానికత ప్రసక్తే లేదు. మాజీ సైనికుల పిల్లలలో బాలికలకు నెలకు రూ.3,000, బాలురకు రూ.2,500 చొప్పున 2019-20లో ఖరారు చేశారు. సర్వీసులో ఉన్నవారి పిల్లలు సాధారణంగా ఈ పథకం పరిధిలోకి రారు. దరఖాస్తులను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పరిశీలిస్తుంది.