రెండు కెమెరాలూ, ఒక చీటీ డబ్బూ

మీ ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. పిల్లల డాన్సు ప్రోగ్రాం అనగానే ముందు వరసలో కూర్చుని సెల్‌ఫోన్ పైకెత్తుతాం. ఇంటికొచ్చి చూసుకుంటే స్టేజీ నల్లగా, పిల్ల మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా! మా చిన్నమ్మాయి మొదటి కూచిపూడి ప్రదర్శన ఫోటోలు అలాగే వచ్చాయి. తెనాలిలో మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. ఫోటో చూసి "ఇందులో మన పిల్ల ఏదే?" అంది. ఆ మాట గుచ్చుకుంది నాకు. 2024 జనవరిలో అమ్మాయి భామాకలాపంలో సత్యభామ వేయాలి. అప్పటికి చీటీ డబ్బుతో మంచి కెమెరా కొనాలనుకున్నాను.

కొట్లో రెండు చూపించారు. ఒకటి 2018లో వచ్చిన కానన్ 1500డి, రెండోది 2023లో వచ్చిన కానన్ ఆర్50. కొట్టు కుర్రాడు మొదలుపెట్టడమే మెగాపిక్సెళ్ళతో మొదలుపెట్టాడు. ఒకదానికి 24.1, రెండోదానికి 24.2. ఆ మాత్రానికి అంత హడావిడి ఎందుకో! బొమ్మ పడే సెన్సరు సైజూ రెండింటికీ ఒకటే, సెల్‌ఫోన్లలో ఉండేదానికంటే చాలా పెద్దది.

1500డి లోపల అద్దం ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది లేచి 'టక్' మంటుంది. ఆర్50లో అద్దం లేదు, చప్పుడు లేకుండానూ తీయొచ్చు. మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుంది. తెర తలుపులా తెరుచుకుంటుంది, వీడియో 4కె. లెన్సు కాకుండా బరువు 375 గ్రాములే, 1500డి అయితే 475. బ్యాటరీ మాత్రం పాతదానిదే మేలు: ఒక ఛార్జికి 500 ఫోటోలని కంపెనీ లెక్క, ఆర్50కి 370. అమ్మాయి మనసంతా ఆర్50 మీదే. నిజం చెప్పొద్దూ, నాకూ అదే నచ్చింది.

అయితే మేం ఇంటి నుంచి మెమరీ కార్డు పట్టుకెళ్ళాం. రెండు కెమెరాలకీ అదే ఎస్‌డి కార్డు సరిపోతుంది. కొట్టు వెనక చీకటి మూలలో అమ్మాయిని గిర్రున తిరగమని రెండింటితోనూ తీశాం. మీరూ ఈ పని తప్పకుండా చేయండి. కొట్టువాళ్ళు మొహం చిట్లిస్తే చిట్లించనీండి! ఇంటికొచ్చి టీవీలో పెట్టి చూస్తే రెండింట్లోనూ చేతులు అలుక్కుపోయాయి.

తప్పు కెమెరాది కాదు, దాంతో ఇచ్చే లెన్సుది. లెన్సు మీద ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత పెద్దదైతే కిటికీ అంత తక్కువ తెరుచుకున్నట్టు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగితే 1500డి లెన్సు ఎఫ్ 5.6కి, ఆర్50 లెన్సు 6.3కి వచ్చేస్తాయి. వెలుతురు చాలక కెమెరా ఎక్కువసేపు తెరుచుకుంటుంది, ఈలోగా పిల్ల చెయ్యి కదిలిపోతుంది. అదే ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్సయితే, 5.6తో పోలిస్తే తొమ్మిది రెట్ల పైనే వెలుతురు! కానన్ పాత రకం 50 లెన్సు 1500డికి నేరుగా బిగుస్తుంది. ఆర్50కి మధ్యలో అడాప్టరు కావాలి, లేదా దానికని వేరే వచ్చిన 50 లెన్సు కొనాలి. నా చీటీ డబ్బు ఆర్50 ఒక్కదానికే చాలదు. 1500డి, ఆ లెన్సు కలిపితే సరిపోతుంది.

అదే కొన్నాను. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. వీడియోలే ముఖ్యమైన వాళ్ళకి నేనైనా ఆర్50 కొనమనే చెబుతాను.

50 లెన్సుకి జూమ్ ఉండదు, మనమే చోటు వెతుక్కోవాలి. రెండో వరసలో కూర్చుని కెమెరా నిలువుగా పట్టుకుంటే జడ నుంచి గజ్జెల దాకా వచ్చింది. స్టేజీ చీకటి చూసి కెమెరా మొహాన్ని తెల్లబరుస్తుంది కదా, అందుకని ఎక్స్‌పోజరు మైనస్ 1కి తగ్గించాను. ఆ 'టక్' చప్పుడుకి మొదట గురువుగారు వెనక్కి తిరిగి చూశారు. ఇక మృదంగం గట్టిగా మోగినప్పుడే నొక్కాను.

ఒక ఫోటో పెద్ద సైజులో ప్రింటు వేయించి తెనాలి పట్టుకెళ్ళాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "కాటుక కాస్త ఎక్కువైందే" అంది.