రెండు పేజీల పేపరు

గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ ఉన్న ఏ సైంటిస్టు పేరు కొట్టినా రెండు అంకెలు ముందు కనిపిస్తాయి: మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్. మన పేపరుని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. హెచ్-ఇండెక్స్ లెక్కని 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రతిపాదించాడు. మీ పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లు ఉండి, పదకొండింటికి పదకొండేసి లేకపోతే మీ హెచ్-ఇండెక్స్ 10. ఉద్యోగాలకీ, ప్రమోషన్లకీ, ఫండింగ్‌కీ ఈ అంకె చూస్తుంటారు.

మరి ఒక్క పేపరుతో ఒక సబ్జెక్టు రూపే మార్చేసిన మనిషి సంగతేంటి? దానికి వేల సైటేషన్లు వచ్చినా సరే, హెచ్-ఇండెక్స్‌లో ఆ పేపరు వాటా 1 మించదు. నిద్ర పరిశోధనలో అలాంటివాడు ఒకాయన ఉన్నాడు. పేరు యూజీన్ అసెరిన్‌స్కీ.

1921లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకి మారుతూ డిగ్రీ పూర్తి చెయ్యనేలేదు. యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాడు. చికాగో యూనివర్సిటీలో పరిశోధనకి చేరేసరికి పెళ్ళాం, కొడుకు ఉన్నారు, చేతిలో డబ్బుల్లేవు. గైడ్ నథానియల్ క్లైట్‌మన్. నిద్ర మీద అప్పటికే పెద్ద పేరున్నవాడు. 1938లో ఒక స్టూడెంటుతో కలిసి అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, రోజుకి 28 గంటల లెక్కన శరీరం సర్దుకుంటుందేమో పరీక్షించిన మనిషి.

ఆ రోజుల్లో చాలామంది నమ్మకం ఏంటంటే, నిద్రపోయాక మెదడు దాదాపు ఆగిపోతుందని. క్లైట్‌మన్ శిష్యుడికిచ్చిన పని పసిపిల్లలు నిద్రలోకి జారేటప్పుడు కళ్ళెలా ఆడిస్తారో చూడమని. బోరు కొట్టే పనే. కానీ గంటల తరబడి చూడగా చూడగా అసెరిన్‌స్కీకి ఒకటి తట్టింది: నిద్రలో కళ్ళు కాసేపు కదులుతాయి, కాసేపు పూర్తిగా ఆగిపోతాయి. పెద్దవాళ్ళలోనూ అంతేనా?

బేస్‌మెంట్‌లో మూలపడేసిన పాత ఈఈజీ మిషన్ ఒకటి దొరికింది. 1951 డిసెంబరులో తన ఎనిమిదేళ్ళ కొడుకుని దానికి తగిలించి పడుకోబెట్టాడు. ఒక్క రాత్రికి సుమారు అర మైలు కాగితం. కొన్ని గంటలయ్యాక పెన్నులు విపరీతంగా ఊగడం మొదలైంది. పిల్లాడు లేచాడనుకుని గదిలోకెళ్ళి చూస్తే, గాఢనిద్రలో ఉన్నాడు.

మనలో ఎవరైనా మొదట ఏమనుకుంటాం? మిషన్ పాడైందనే. ఆయనా అదే అనుకున్నాడు. అయితే అక్కడితో వదిలెయ్యలేదు. రెండు కళ్ళకీ విడివిడిగా రికార్డింగ్ పెట్టాడు. రెండూ ఒకేసారి, ఒకే తీరుగా కదులుతున్నాయి. మిషన్ తప్పైతే అలా జత కుదరదు. తర్వాత పెద్దవాళ్ళని నిద్ర మధ్యలో లేపి అడిగాడు. కళ్ళు కదులుతున్నప్పుడు 27 సార్లు లేపితే 20 సార్లు కల వివరంగా చెప్పారు. కళ్ళు ఆగి ఉన్నప్పుడు 23 సార్లు లేపితే 19 సార్లు ఏమీ గుర్తులేదన్నారు. క్లైట్‌మన్ అయినా నమ్మక, తన సొంత కూతురి కళ్ళు కదలడం చూశాకే ఒప్పుకున్నాడు.

1953 సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో పేపరు వచ్చింది. రెండే రెండు పేజీలు. ఆ దశనే ఇప్పుడు ఆర్‌ఈఎం నిద్ర అంటున్నాం. పెద్దవాళ్ళ నిద్ర సుమారు 90 నిమిషాల చక్రాలుగా నడుస్తుందనీ, మొత్తంలో ఐదో వంతు నుంచి పావు వంతు ఆర్‌ఈఎం అనీ మనకి తెలియడానికి దారి అక్కడ మొదలైంది.

మరి అసెరిన్‌స్కీ? పీహెచ్‌డీ అవ్వగానే సియాటిల్ వెళ్ళి, సాల్మన్ చేపల మీద కరెంటు ప్రభావం గురించిన పనిలో చేరాడు. ఇల్లు గడవాలి కదా. అదే ల్యాబ్‌లోని జూనియర్ విలియం డిమెంట్ ఈ పనిని పట్టుకుని 1957లో క్లైట్‌మన్‌తో పేపర్లు రాశాడు, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో స్లీప్ క్లినిక్ పెట్టాడు. ఫ్రాన్స్‌లో మిషెల్ జువె 1959లో, ఆ దశలో మెదడు చురుగ్గా ఉన్నా కండరాలు పూర్తిగా సడలిపోతాయని పిల్లుల్లో చూపించాడు. అసెరిన్‌స్కీ కొన్నేళ్ళకి నిద్ర పరిశోధనకి తిరిగొచ్చాడు గానీ, వాళ్ళంత పేరు రాలేదు.

సైటేషన్ లెక్కలో ఇంకో చిక్కుంది. ఎఫ్ ఈక్వల్స్ ఎమ్ఏ అని రాసేటప్పుడు మనం న్యూటన్ పుస్తకాన్ని సైట్ చేస్తామా? విషయం పాఠ్యపుస్తకంలోకి ఎక్కాక కనిపెట్టినవాడి పేరు రాలిపోతుంది. ఆర్‌ఈఎం అని రాసే ప్రతివాళ్ళూ 1953 పేపరుని సైట్ చెయ్యరు. అంకె పనికిరాదని కాదు. ఎంతమంది చదివి వాడుకున్నారో కొంతవరకు చెప్తుంది. పెన్నులు ఊగినప్పుడు మిషన్‌ని తిట్టి ఊరుకోకుండా మళ్ళీ చూసినవాడెవడో మాత్రం చెప్పదు.

1998లో, 77 ఏళ్ళ వయసులో, అసెరిన్‌స్కీ నడుపుతున్న కారు చెట్టుని గుద్దుకుని ఆయన చనిపోయాడు. స్టీరింగ్ దగ్గర నిద్ర పట్టేసిందేమోనని అన్నారు.

పరీక్షల ముందు మనం మొదట కోసేసేది తెల్లవారుజాము నిద్రనే. ఆర్‌ఈఎం ఎక్కువగా వచ్చేది కూడా ఆ చివరి గంటల్లోనే.